పిన్నమ్మ చెయ్యి, మచ్చల ఆకు

18 జనవరి 1998, విరుదునగర్

ఊరికి వెళ్లి ఇప్పుడే వచ్చాను. కోవిల్‌పట్టిలో బస్సెక్కగానే కిటికీ సీటు దొరికింది. ఈ రోజు జరిగిన మంచి అదొక్కటే.

మగ గొర్రె పాలిస్తోంది.

రాసిన ముక్క మళ్లీ చదువుకున్నాను. అవును, మగదే. అమ్మవారికి మొక్కి పెంచుతున్న కిడాయి, పిల్లప్పుడే వట్టలు నొక్కించిన పోతు. దానికి గుప్పెడు పొదుగు వచ్చింది. పిన్నమ్మ నన్ను గోడ చాటుకు లాక్కెళ్లి చూపించింది. చన్ను పట్టి పిండితే నా వేలి మీద తెల్లటి చుక్క పడింది. ఎం.వి.ఎస్సీ. చదివిన పశువుల డాక్టరమ్మను, నోరు తెరుచుకుని నిలబడ్డాను.

ఇంకా ఉంది. వేంబూరు గొర్రెలు మావి, తెల్ల ఒంటి మీద ఎర్ర మచ్చలు. ఏటా ఈపాటికి దొడ్డి నిండా పిల్లల అరుపులే. ఈసారి ఏదో ఒకటీ అరా ఈనింది. మిగతావి ఎదకొస్తాయి, పొట్టేలు ఎక్కుతుంది, కట్టు నిలవదు. మళ్లీ ఎద. పొట్టేలు ఎరగని ఆడ గొర్రెపిల్లలకు కూడా పొదుగులు వాచాయి. సామి కుత్తమేమో పాపా, అమ్మవారికి ఏం తప్పు చేసినామో, అంది పిన్నమ్మ. చూస్తాలే, అన్నాను. ఏం చూస్తానో నాకే తెలియదు.

19 జనవరి

పిన్నమ్మ గురించి ఇందులో ఎప్పుడూ సరిగ్గా రాయలేదు. చెల్లమ్మాళ్, ఊళ్లో అందరూ చెల్లి అని పిలుస్తారు, మా అమ్మ చెల్లెలు. అమ్మ పోయాక నన్ను చంకనేసుకుని తన ఇంటికి తీసుకెళ్లింది. పాలసామి చిన్నాయన ఆ రోజు ఒక్క మాట అనలేదట, ఉయ్యాలకు తాడు తెచ్చాడట. వాళ్లకు పిల్లలు లేరు. నేను ఉన్నాను, కానీ ఊరి లెక్కలో నేను లెక్కకు రాను.

మా వైపు బిడ్డ పుట్టగానే ఎవరో ఒకరు చక్కెరనీళ్లలో వేలు ముంచి నాలుక్కి అద్దుతారు. చేన పెట్టడం అంటారు. చేన పెట్టినవాళ్ల గుణం బిడ్డకొస్తుందని నమ్మకం. నాకు చేన పెట్టింది పిన్నమ్మే, అప్పుడు ఆమెకు ఇంకా పెళ్లి కాలేదు. నా మొండితనమంతా ఆ వేలి పుణ్యమే అని అమ్మ నవ్వేదట. పెళ్లై, పిల్లలు లేకుండా ఏళ్లు గడిచాక మళ్లీ ఎవరూ ఆమెను చేనకు పిలవలేదు. ఎవరింట్లో ప్రసవమైనా తనే ముందు పని కల్పించుకుని కాటికి వెళ్లిపోతుంది. కాడు అంటే చేను. తిరుపతి హాస్టల్లో ఈ మాట అన్నప్పుడు మా కడప రూమ్మేట్ శ్మశానం అనుకుని హడలిపోయింది.

నాకు తెలుగు అక్షరాలు నేర్పింది ఆ అమ్మాయే. మా ఇంట్లో అందరిదీ తెలుగే, ఒక్కరికీ చదవడం రాదు. ఈ డైరీకి అంతకంటే గట్టి తాళం ఎక్కడ దొరుకుతుంది!

25 జనవరి, ఊళ్లో, మధ్యాహ్నం

అనుకున్నంతా అయింది.

బొమ్మక్క వచ్చింది. చిన్నాయనకు అక్క, నాకు అత్త వరుస, ఐదుగురిని కని ఐదుగురినీ నిలబెట్టుకున్న మనిషి. మందలో సగం ఆమెది. అరుగు మీద కూర్చుని, గొంతు పెంచకుండా చెప్పింది. రొండేండ్లుగా మేత ఎవరి చేతి మీద పోతుండాది, చెల్లి చేతి మీద. ఆ చేతిలో ఉండేదే గొర్రికి అంటింది. ఆడదాని కడుపు మూసుకొని, మగదానికి పాలు వచ్చిందంటే ఇంకేమి చెప్పేది. నాకు దానిమింద కోపం లేదు, పావం. కానీ నోరులేని జీవం ఏం పాపం చేసింది.

తీర్పు ఇది. పంగుని నెలలో అమ్మవారికి పెట్టే పొంగల్ అయ్యాక మందను వేంబూరు సంతకు తోలేస్తారు. అందాకా పిన్నమ్మ గొర్రెల దొడ్డిలో అడుగు పెట్టకూడదు.

చిన్నాయన తల దించుకున్నాడు. నేను అరిచాను. పొలాల అవతలి దాకా వినిపించి ఉంటుంది. డాక్టరమ్మా, అట్లయితే ఎందుకో నువ్వు చెప్పు, అంది బొమ్మక్క. సంచీలోంచి రక్తం తీసే సూదులు బయటికి తీశాను. పిన్నమ్మ నా చెయ్యి పట్టుకుని, వదిన చెప్పేది సరిగానే ఉండాది, నేను అగ్గిపెట్టెల పనికి పోతా పాపా, అంది.

నాకు బొమ్మక్క మాటలకంటే ఈ మాటకే ఎక్కువ కోపం వచ్చింది. ఆ చెయ్యి నాకు జడ వేసింది, జ్వరమొస్తే రాత్రంతా నుదుటి మీద తడిగుడ్డ మార్చింది, కాలేజీకని నామక్కల్ బస్సెక్కించి కనుమరుగయ్యేదాకా ఊపుతూనే ఉంది. ఆ చేతిని ఆమె కొంగులో దాచుకుంది.

27 జనవరి, విరుదునగర్

రక్తపరీక్షల్లో ఏమీ లేదు. ఈసుకుపోయే, అంటే కట్టు జారిపోయే జబ్బుల్లో ఏదీ కాదు. పొట్టేలు కూడా బాగానే ఉంది. ఎస్‌టీడీ బూత్ నుంచి తిరుపతిలో మా ప్రొఫెసర్‌కి ఫోన్ చేశాను. మగ గొర్రె పాల సంగతి చెప్పగానే ఆయన నవ్వలేదు. ఏం తింటున్నాయి, అన్నారు.

ఏం తింటున్నాయి! గొర్రెల కడుపులో ఏముందో తెలుసుకోవడానికి నానా తంటాలు పడ్డాను, నోట్లోకి ఏం పోతోందో అడగలేదు.

28 జనవరి, ఊళ్లో, ఉదయం ఏడు

లీవ్ పెట్టి తెల్లారి బస్సుకే వచ్చేశాను.

దొడ్డి బయట కూర్చుని పిన్నమ్మ కుదిరైమసాల్ ఏరుతోంది, వేసేది ఇప్పుడు చిన్నాయన. అదే, లూసర్న్ మేత. మొన్నటి వానలకు ఏడాది ముందు చిన్నాయన ఆవు కోసం బావి పక్కన చల్లాడు. ఈ ఏడు వానలు విడవకుండా కురిశాయి కదా, ఆకు నిండా గోధుమరంగు మచ్చలు, పేనుబంక కూడా. పిన్నమ్మ రెండు గంపలు పెట్టుకుంది. పచ్చగా ఉన్న ఆకు ఒక గంపలోకి, మచ్చల ఆకు ఇంకో గంపలోకి. ఒక్కో రెమ్మ తిప్పి చూసి మరీ ఏరుతోంది. బియ్యంలో రాళ్లు కూడా ఇంత ఓపికగా ఏరదు.

ఇదెందుకు పిన్నమ్మా అంటే, మచ్చది తింటే ఆవుపాలకు వాసన వస్తుందని వదిన చెప్పింది, మంచిది ఆవుకి, మచ్చది గొర్రికి, గొర్రి ఏమైనా తింటుంది కదా, అంది.

మచ్చల గంపలోంచి మొదటి పిడికిలి ఎవరికి? సామి కిడాయికి. మొక్కిన జీవానికి పెట్టకుండా మరొకదానికి పెట్టకూడదు. అది తినగలిగినంత తిన్నాకే మందకు.

గంప మీదే కూర్చుండిపోయాను. పిన్నమ్మ లేవమంటోంది, ఆకు నలుగుతుందట.

అదే రోజు, మధ్యాహ్నం

గబగబా రాసేస్తున్నాను, చెయ్యి ఆగడం లేదు.

క్లాసులో ఒక్క గంట విన్న పాఠం. ఆస్ట్రేలియాలో క్లోవర్ గడ్డి తిన్న గొర్రెలు గొడ్డుపోయాయి, పోతులకు పాలు వచ్చాయి. నోట్స్ రాసుకుని పరీక్ష రాసి మర్చిపోయాను. ఎక్కడో సముద్రం అవతలి గడ్డి, మా నల్లరేగడికి ఏం సంబంధం అనుకున్నాను.

కొన్ని మొక్కల్లో ఈస్ట్రోజన్‌లా పనిచేసే పదార్థం ఉంటుంది. లూసర్న్‌లో మామూలుగా కొంచెమే. కానీ ఆకుకు తెగులు తగిలినా, పురుగు పీల్చినా అది చాలా రెట్లు పెరుగుతుంది. అంటే మచ్చ ఉన్న ఆకులోనే అసలు సరుకు. గొర్రె ఒళ్లు దాన్ని తన సొంత హార్మోన్ అనుకుంటుంది. ఎద ఎప్పుడు, కట్టు ఎప్పుడు నిలవాలి అని లోపల నడిచే మాటల మధ్య ఎవరో అదే గొంతుతో అడ్డంగా అరిచినట్టు. పొదుగు వస్తుంది, పిల్ల నిలవదు. పోతు ఒంట్లో దాని సొంత మగ హార్మోన్ కూడా లేదాయె, ఇక అడ్డేముంది.

పిన్నమ్మ ఎంత శ్రద్ధగా ఏరితే గొర్రెలకు అంత ఎక్కువ పోయింది. రెండూ కలిపి వేసి ఉంటే ఇంత అయ్యేది కాదు. చేతిలో తప్పు లేదు, గంపలో ఉంది.

ల్యాబ్‌లో కొలిపించే దారి నాకు లేదు. ఇది నా అనుమానం మాత్రమే. కానీ ఎంత అందమైన అనుమానం!

1 ఫిబ్రవరి, ఊళ్లో

అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. బొమ్మక్క అంతా విని, సరి, ఆకు ఆపు, చెల్లిని కూడా ఆపు, రొండూ ఆపితే పీడ పోతుంది, అంది.

ఒప్పుకోబోయాను. నోటిదాకా వచ్చింది. అప్పుడు తట్టింది, రెండూ ఆపితే రేపు పిల్లలు పుట్టినప్పుడు చెల్లి తప్పుకుంది కాబట్టే పుట్టాయి అంటారు. ఆ మాట పిన్నమ్మ బతికున్నంత కాలం పోదు.

అందుకని బొమ్మక్కకే పని పెట్టాను. అత్తా, మీది ఐదు కాన్పులు చూసిన చెయ్యి, ఊరంతా కళ్లకద్దుకునే చెయ్యి. మూడు గొర్రెలను మీ ఇంటికి తోలుకెళ్లండి. మచ్చల ఆకు మీ చేత్తో పెట్టండి. మిగతా మందకు పిన్నమ్మే పెడుతుంది, కానీ ఆకు వద్దు, జొన్నచొప్ప, వేరుశనగ కట్టె, బీడు మేపు. ఎవరి చేతిలో ఏముందో చూద్దాం.

సవాలు అంటే బొమ్మక్కకు ఉత్సాహం. మూడేంటి, సామి కిడాయిని కూడా నాదగ్గరే కట్టు, మొక్కింది మేము కదా, అంది. మంద అమ్మకం కట్టు నిలిచేది తేలేదాకా ఆగింది. నిలవకపోతే సంతకే, పిన్నమ్మ అగ్గిపెట్టెలకే. అందుకు నేనూ ఒప్పుకున్నాను.

థీసిస్‌కి కూడా ఇంత మంచి కంట్రోల్ గ్రూప్ దొరకలేదు నాకు.

2 ఫిబ్రవరి

ఓడిపోతే?

15 ఫిబ్రవరి

పిన్నమ్మ దొడ్డిలోకి వెళ్లింది, కానీ మేతను చేత్తో వేయడం లేదు. చేటతో విసురుతోంది. చెయ్యి తగలకూడదట. నేను చేట లాక్కుని అటక మీద పెట్టాను. నా మొండితనం ఎక్కడిదో ఆమెకు తెలియదా.

8 మార్చి

ఇన్నాళ్లూ పొట్టేలును విడిగా కట్టాం, ఆకు విషం దిగనీ అని. ఈ రోజు వదలడం.

ఏది ఎప్పుడు కట్టిందో తెలియాలంటే పొట్టేలు రొమ్ముకు రంగు పూయాలి, ఎక్కిన గొర్రె నడుం మీద ఆ రంగు అంటుతుంది. గొప్పగా గోడలకు పూసే ఎర్ర కావి తెచ్చి నూనెలో కలిపి పూశాను. చిన్నాయన చూస్తూ చూస్తూ, ఎప్పుడూ నవ్వని మనిషి, పకపకా నవ్వాడు. మన గొర్రికి పుట్టుకతోనే ఎర్ర మచ్చలు ఉండాయే పాపా, నీ మచ్చ ఏది, దేముడి మచ్చ ఏది, అన్నాడు.

కావి కడిగేసి బట్టల నీలం పూశాం. పొట్టేలు నన్ను కొమ్ముతో కుమ్మింది. కుమ్మదా మరి, ఒకే పూటలో రెండు స్నానాలు. తర్వాత దాన్ని బొమ్మక్క ఇంటికి కూడా తోలుకెళ్లి అక్కడి మూడింటితో వదిలాం. పొద్దున ఇక్కడ, సాయంత్రం అక్కడ, ఇలా రోజూ తిప్పాలి.

24 మార్చి

అన్ని నడుముల మీదా నీలమే. బొమ్మక్క మూడింటి మీద కూడా. చూసినావా, నాకాడ కూడా కట్టింది, అని కబురు పంపింది. ఇది సగమే అత్తా, నిలిచిందో లేదో ఇకమీదట తెలుస్తుంది, అని కబురు పంపాను. ఈ రోజు నుంచి పొట్టేలు రొమ్ముకు పసుపు. కట్టు నిలిచిన గొర్రె పొట్టేలును దగ్గరికి రానివ్వదు. నిలవనిదాని మీద పసుపు పడుతుంది.

నా పేరు మహేశ్వరిప్రియ, అసిస్టెంట్ సర్జన్, వయసు ఇరవై ఎనిమిది. ఒక గొర్రె పిరుదు మీద పసుపు పడకూడదని దేవుడికి దండం పెట్టాను.

12 ఏప్రిల్, ఊళ్లో

పిన్నమ్మ మందలో నీలం నీలంగానే ఉంది! రెండు మూడింటి మీద పసుపు పడింది, వాటిలో ఒకటి పళ్లూడిన ముసలిది. మిగతావి పొట్టేలును చూస్తే తోక ముడిచి పారిపోతున్నాయి.

బొమ్మక్క ఇంటికి వెళ్లాం. మూడూ నీలం మీద పసుపు, పసుపు మీద పసుపు. పెళ్లి నలుగు పెట్టినట్టున్నాయి. కిడాయికి పాలు ఇంకా కారుతూనే ఉన్నాయి.

అత్తా, మీ చేతికి ఏమైంది, అని అడగాలని దారంతా మాట నూరుకుంటూ వెళ్లాను. పిన్నమ్మ నా ముంజేయి గిచ్చింది, గట్టిగా. అడగలేదు. బొమ్మక్క మూడు గొర్రెలనూ మార్చి మార్చి చూసి, తన అరచేతులు తిప్పి చూసుకుంది. తర్వాత లోపలికి వెళ్లి మచ్చల ఆకు గంప తెచ్చి, మా ముందే పేడకుప్పలో బోర్లించింది. క్షమాపణ లాంటిదేమీ లేదు. మజ్జిగ తాగి పొండి, అంది.

ఆ మజ్జిగ అంత రుచిగా నేనెప్పుడూ తాగలేదు. సంత మాట ఎవరూ ఎత్తలేదు.

14 ఏప్రిల్

పంగుని చివర రోజు పొంగల్ జరిగిందట. పూజారి చౌడయ్య కిడాయిని వెనక్కి పంపేశాడు. ఆకు వల్ల అని నేను నెల ముందే ఆయనకు పూస గుచ్చినట్టు చెప్పాను. అంతా విని, ఎందువల్ల వస్తే ఏమి, పాలుండే జీవాన్ని అమ్మ కోరదు, అన్నాడు. వాదించలేదు. నా సైన్సు, ఆయన సామి కలిసి దాని మెడ కాపాడాయి.

19 ఏప్రిల్, ఊళ్లో

ఇది రాయకుండా ఉండలేను.

బావి దగ్గర ఇద్దరమే ఉన్నాం. చిన్నాయన మసాల్ మడి దున్నేశాడు, పిన్నమ్మ గట్టు మీద కూర్చుని ఆ మట్టినే చూస్తోంది. ఆ మూడు గొర్రెలు ఇంక ఈనవా, అంది. ఆకు ఆగింది కదా, మెల్లగా కుదురుకుంటాయి, ఎక్కువకాలం తింటే మాత్రం కొన్నిటికి ఎప్పటికీ కుదరదు, అన్నాను. డాక్టర్ గొంతుతో.

మట్టిబెడ్డ ఒకటి తీసి వేళ్లతో చిదిమింది. తర్వాత అంది. అట్లయితే నేను కూడా ఏందో తినిందానేమో పాపా. కొత్త కోడలుగా వచ్చినప్పుడు పెట్టింది తింటిని, ఇచ్చింది తాగితిని. నా చెయ్యి చూసినారు, నా మొగం చూసినారు, జాతకం చూసినారు. నా గంపలో ఏముందో ఒకరన్నా అడగలేదే.

మనుషుల సంగతి వేరు పిన్నమ్మా, అది నేను చెప్పలేను, అన్నాను. నిజమే చెప్పాను, అబద్ధం చెప్పి ఓదార్చలేదు. తెలియదు అంటే, తప్పు నాదని కూడా ఎవరికీ తెలియదనే కదా, అని ఆమే అంది. కళ్లు తుడుచుకోలేదు, అలాగే కారనిచ్చింది. నేను ఆమె ఒళ్లో తల పెట్టుకున్నాను. ఆ చెయ్యి నా జుట్టులోకి వచ్చింది. ఇన్నాళ్లకు చేట లేకుండా.

ఈ మనిషి నన్ను పెంచింది. నాకు ఇంతకంటే ఏం కావాలి.

16 ఆగస్టు, ఊళ్లో, ఉదయం ఆరు

ఈనుతున్నాయి! నిన్నటి నుంచి ఒకదాని వెనక ఒకటి. పిన్నమ్మ రెండు చేతులూ మాయతో తడిసి ఉన్నాయి. ఒక పిల్ల అడ్డం తిరిగితే నేను చెయ్యి పెట్టేలోపే తను సర్దేసింది. సబ్బు ఎక్కడుందో నేను వెతుకుతూనే ఉన్నాను.

బొమ్మక్క దొడ్డి గడప దగ్గర నిలబడి చూసింది. లోపలికి రమ్మంటే, వద్దు, నువ్వు చూసుకో చెల్లీ, నీకు తెలిసినంత నాకు తెలీదు, అంది. వెళ్తూ వెళ్తూ కొంగున ఉన్న బెల్లం ముక్క పిన్నమ్మ నోట్లో పెట్టింది, చేతులు ఖాళీ లేవు కదా.

ఏడ్చాను. గొర్రెల ముందు ఏడిస్తే ఎవరూ ఏమీ అనుకోరు.

17 జనవరి 1999

బొమ్మక్క మూడింటిలో రెండింటికి కట్టు నిలిచిందట. మూడోదానికి ఇంకా లేదు. అమ్ముదామా అని చిన్నాయన అడిగితే బొమ్మక్క కసిరిందట, అది నా చేత్తో చెడింది, నాకాడే ఉండనీ అని.

శ్రీవిల్లిపుత్తూరు క్యాంపుకు వెళ్లినప్పుడు పాలకోవా కొన్నాను. అందులో సగం ఆ మూడో గొర్రెకు పెట్టిందట పిన్నమ్మ. ఈమెకు నేనేం నేర్పానో నాకే అర్థం కావడం లేదు.

3 డిసెంబర్ 2000, విరుదునగర్

చిన్నాయన ఫోన్. బొమ్మక్క కోడలికి తెల్లవారుజామున మగపిల్లాడు. పిన్నమ్మ అలవాటుగా చేనికి బయలుదేరిందట. బొమ్మక్క వీధిలోకి పరుగెత్తుకొచ్చి గట్టు దాకా వెళ్లి పట్టుకొచ్చిందట. చేన నువ్వే పెట్టాల చెల్లీ, వాడికి నీ గుణం రావాల, అని.

పిన్నమ్మ చెయ్యి కడుక్కుంటూనే ఉందట, కడిగిందే కడుగుతూ. చాలు, ఇంక లోపలికి రా, నీళ్లైపోతాయి, అందట బొమ్మక్క.

గదిలో చక్కెర డబ్బా ఉంది. గ్లాసులో నాలుగు పలుకులు కలిపి, వేలు ముంచి, నాలుక మీద పెట్టుకున్నాను.